అయిపోయిందని చెప్పే యాప్: రోజూ స్పానిష్‌కి అంకి

రోజూ కాస్త స్పానిష్ ప్రాక్టీస్ చేద్దామనుకునేవాళ్ళకి ఏ యాప్ మంచిదని ఎవరైనా అడిగితే అంకి పేరు చెప్తాను. వాళ్ళు తెరిచి చూసి, ‘ఇదేంటండీ, ఇలా ఉంది?’ అంటారు. నిజమే, చూడ్డానికి ఏమాత్రం బాగుండదు. ఖాళీ స్క్రీన్, దాని మీద ఒక ప్రశ్న, కింద జవాబు చూపించమనే బటన్. బొమ్మలు లేవు, చప్పట్లు లేవు, భేష్ అని భుజం తట్టేవాళ్ళు లేరు. అయినా మానకుండా నా చేత స్పానిష్ చదివిస్తున్నది ఇదొక్కటే. అందుకే ఇది ఎలా పనిచేస్తుందో, ఎక్కడ పనికిరాదో కాస్త వివరంగా రాస్తున్నాను.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. మా కోడలు కొలంబియా అమ్మాయి. వాళ్ళమ్మగారికి, అంటే మా వియ్యపురాలికి, స్పానిష్ తప్ప మరో భాష రాదు. వీడియో కాల్‌లో ఆవిడా నేనూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకోవడం, పిల్లలు మధ్యలో అనువాదం చెయ్యడం, వాళ్ళు పక్కకి వెళ్ళగానే మళ్ళీ నవ్వుకోవడం. వియ్యపురాళ్ళన్నాక మాట్లాడుకోవాల్సినవి చాలా ఉంటాయి. అవన్నీ పిల్లల చెవిన పడనక్కర్లేదు. అలా మొదలైంది ఈ చదువు. సర్టిఫికెట్ తెచ్చుకోవాలన్న ఆశ లేదు. రోజూ కొంచెం, ఆగకుండా సాగితే చాలు.

ముందు వేరే యాప్ వాడాను. పేరు అనవసరం, అలాంటివి బోలెడున్నాయి. రోజూ ఒక పాఠం చేస్తే ఒక అంకె పెరుగుతుంది, ఒక్క రోజు మానితే సున్నాకి పడిపోతుంది. ఆ అంకె మీద మొదట్లో సరదా, తర్వాత మమకారం, ఆ తర్వాత టెన్షన్. రాత్రి పడుకోబోతూ గుర్తొస్తే, ఎప్పుడో వచ్చేసిన పాఠాల్లోకెల్లా తేలికైనది వెతికి ముగించేదాన్ని. పిల్లి నల్లగా ఉంది, పుస్తకం పెద్దగా ఉంది, అయిపోయింది. అంకె పెరిగేది, స్పానిష్ ఎక్కడిదక్కడే ఉండేది. పోనీ ఓపికున్న రోజున కూర్చుంటే, ఒక పాఠం అవగానే ఇంకోటి చెయ్యమంటుంది, ఎవరో మిమ్మల్ని దాటిపోయారంటుంది. ఈ రోజుకి ఇంత చాలని మాత్రం చచ్చినా చెప్పదు. కొలవాల్సింది వదిలేసి ఇంకేదో కొలుస్తుంటే లెక్కల మనిషికి ఒళ్ళు మండుతుంది మరి.

అంకిలో ఆ రోజుకి చూడాల్సిన కార్డులు అయిపోగానే, అభినందనలు, ప్రస్తుతానికి ఈ డెక్ (అంటే కార్డుల కట్ట) పూర్తయిందని ఒక చిన్న మాట కనిపిస్తుంది. ఇంకో పాఠానికి పిలుపు ఉండదు. మూసేసి మన పని మనం చూసుకోవచ్చు. ఈ యాప్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ స్క్రీనే. ఎప్పటికి తెములుతుందో తెలియని పని ముందు కూర్చోడానికే మనసొప్పదు. పావుగంటలో తేలిపోతుందని తెలిస్తే ఎంత బద్ధకంగా ఉన్నా కూర్చుంటాం.

తెలియనివాళ్ళ కోసం పద్ధతి చెప్తాను. ఇది ఫ్లాష్ కార్డుల యాప్. ముందువైపు ప్రశ్న, వెనకవైపు జవాబు. జవాబు మనసులో అనుకుని (నేనైతే పైకే అంటాను) కార్డు తిప్పి, మనకి మనమే మార్కు వేసుకోవాలి. అగైన్, హార్డ్, గుడ్, ఈజీ అని నాలుగు బటన్లు. ఏది నొక్కితే ఆ కార్డు మళ్ళీ ఎప్పుడొస్తుందో ఆ బటన్ దగ్గరే రాసి ఉంటుంది. కొత్త కార్డుకి గుడ్ నొక్కితే పది నిమిషాల తర్వాత వస్తుంది, ఇంకోసారి గుడ్ నొక్కితే రేపు వస్తుంది. అక్కణ్ణుంచి రోజులు, వారాలు, నెలలు దూరం జరుగుతూ పోతుంది. మర్చిపోతే మళ్ళీ దగ్గరికొస్తుంది.

దీని వెనక ఉన్న ఆలోచన పాతదే. జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల ముక్కల్ని తనే కంఠస్థం చేసి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నాడో లెక్కగట్టి 1885లో ప్రచురించాడు. నేర్చిన కొత్తలో గబగబా మర్చిపోతాం, పోనుపోను ఆ వేగం తగ్గుతుంది. కాబట్టి మొదట్లో దగ్గర దగ్గరగా, తర్వాత దూరం దూరంగా చూసుకుంటే తక్కువ శ్రమతో ఎక్కువ నిలుస్తుంది. డేమియన్ ఎల్మ్స్ 2006లో అంకిని విడుదల చేసింది ఈ సూత్రం మీదే. 2023లో ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ అనే కొత్త లెక్క కూడా చేర్చారు. మన జవాబుల చరిత్ర చూసి, మనం ఏది ఎప్పటికి మర్చిపోతామో అది అంచనా వేస్తుంది. డెక్ ఆప్షన్లలోకి వెళ్ళి ఆన్ చేసుకోవాలి. ఎంత శాతం గుర్తుండాలో అక్కడ అడుగుతుంది, 90 అని ముందే పెట్టి ఉంటుంది. దాన్ని అలాగే ఉండనివ్వండి. నూటికి తొంభై చాలదన్న పట్టుదలతో 97కి పెంచితే, రోజూ వచ్చే కార్డులు విపరీతంగా పెరిగిపోతాయి. క్లాసులో ఫస్టు రావాలనుకునే పిల్లలకి చెప్పినట్టే చెప్తున్నాను, ఆ చివరి ఏడు మార్కులకి పడే పాట్లు మిగతా తొంభైకి పడ్డ పాట్ల కన్నా ఎక్కువ.

మార్కులు వేసుకునే విషయంలో ఒక్క నియమం. మర్చిపోతే అగైన్ నొక్కాలి. చాలామంది మొహమాటపడి హార్డ్ నొక్కుతారు. హార్డ్ అంటే కష్టపడ్డాం గానీ గుర్తొచ్చిందని అర్థం. గుర్తురానిదానికి హార్డ్ నొక్కితే యాప్ లెక్క తప్పుతుంది, రావాల్సిన కార్డు ఆలస్యంగా వస్తుంది. ఎవరూ చూడని పరీక్షలో కాపీ కొట్టడం దేనికి?

ఇక సెట్టింగుల్లో మార్చి తీరాల్సింది రోజుకి ఎన్ని కొత్త కార్డులన్నది. మామూలుగా 20 ఉంటుంది. మొదటి వారం ఏమీ అనిపించదు. కానీ ప్రతి కొత్త కార్డూ తర్వాతి వారాల్లో మళ్ళీ మళ్ళీ వస్తుంది కదా, ఆ లెక్కన రోజుకి 20 చొప్పున కలుపుతూ పోతే కొన్ని వారాలకి రోజూ తిరగెయ్యాల్సినవి 150 దాటిపోవచ్చు. అంకి మానేసినవాళ్ళలో చాలామంది అక్కడే మానేస్తారు. నేను 5 పెట్టుకున్నాను. తక్కువ అనిపిస్తుందేమో, కానీ ఏడాదికి 1,825 కార్డులు. ఇంట్లో మాట్లాడుకునే మాటలకి అది తక్కువేం కాదు.

రోజు తప్పితే ఏమవుతుందన్నది అసలు ప్రశ్న. అంకిలో పడిపోయే అంకె లేదు, కాబట్టి గుండె గుభేలుమనదు. కానీ బాకీ పేరుకుంటుంది. పెళ్ళికో ప్రయాణానికో వెళ్ళి పదిరోజులు ముట్టుకోకపోతే, తిరిగొచ్చేసరికి కార్డులు కుప్పగా ఎదురుచూస్తుంటాయి. దీన్ని చూసి డెక్ మొత్తం డిలీట్ చేసినవాళ్ళు నాకు తెలుసు. అంత అవసరం లేదు. కొత్త కార్డులు సున్నా చేసి, రోజుకి ఇన్ని చాలని రివ్యూలకి, అంటే తిరగేసే పాత కార్డులకి, హద్దు పెట్టుకుంటే కొన్నాళ్ళలో తీరిపోతుంది. లండన్ యూనివర్సిటీ కాలేజ్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద అలవాట్ల గురించి పరిశోధన చేసి 2009లో వెలువరించింది. ఒక పని అలవాటుగా స్థిరపడటానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా ఉందన్నారు. నాకు ముఖ్యమనిపించింది అందులో ఇంకో సంగతి. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదట. ఒక్క రోజుకే సున్నాకి తోసేసే యాప్‌లు ఇది గోడకి రాసుకోవాలి.

చిన్న వెసులుబాటు ఇంకోటుంది. అంకి లెక్కలో రోజు మారేది అర్ధరాత్రి కాదు, తెల్లవారుజామున 4 గంటలకి. రాత్రి పొద్దుపోయాక చదివేవాళ్ళకి పన్నెండు కొట్టేస్తుందన్న కంగారు ఉండదు. కావాలంటే ఆ గంట కూడా మార్చుకోవచ్చు.

కార్డుల దగ్గరికొద్దాం. అసలు కథంతా ఇక్కడే ఉంది. అంకి వెబ్‌సైట్లో ఎవరెవరో చేసి పెట్టిన స్పానిష్ డెక్‌లు ఉచితంగా దొరుకుతాయి. కొన్ని బాగుంటాయి, కొన్నిట్లో తప్పులుంటాయి. నేను తెచ్చుకున్న దాంట్లో ప్రతి క్రియకీ ‘వోసోత్రోస్’ రూపం ఉంది. స్నేహంగా పిలిచే ‘మీరంతా’ అన్నమాట. స్పెయిన్‌లో రోజూ వాడతారు, లాటిన్ అమెరికాలో మామూలు మాటల్లో వినపడదు. కొలంబియా వియ్యాలవారి కోసం నేర్చుకునేదాన్ని, నాకెందుకది? అంకిలోనే కార్డులన్నీ వెతుక్కునే బ్రౌజర్ అనే కిటికీ ఉంది, అందులో వెతికి అన్నిటినీ ఒక్కసారే సస్పెండ్ చేశాను. సస్పెండ్ చేసినవి పోవు, మనల్ని విసిగించకుండా పడుంటాయి. మీరు ఎవరితో మాట్లాడాలనుకుంటున్నారో ముందు తేల్చుకోండి, లేకపోతే సగం శ్రమ ఎవరూ అడగని మాటలకి పోతుంది.

కొన్నాళ్ళకి ఆ డెక్ పక్కన పెట్టి సొంత కార్డులు మొదలుపెట్టాను. కార్డులోనే మాట రికార్డ్ చేసే బటన్ ఉంది. మా కోడలి చేత వాక్యాలు చెప్పించి పెట్టుకుంటాను. ముందువైపు గొంతు మాత్రమే, అక్షరం ఉండదు. వెనకవైపు స్పానిష్ వాక్యం, కింద తెలుగు అర్థం. ‘కోమో అమనెసియో?’ అన్నది అలా వచ్చిందే. పొద్దున్నే కాల్ చేస్తే మా వియ్యపురాలి మొదటి పలకరింపు అది. రాత్రి బాగా నిద్రపట్టిందా, లేచి ఎలా ఉన్నారు అని. నేను తెచ్చుకున్న డెక్‌లో ఇది లేదు, ప్రతి కాల్‌లోనూ ఉంది.

ఈ రికార్డింగుల్లో ఒక తమాషా గమనించాను. ఒక వాక్యం వెనకాల మా మనవడు తలుపు దబదబా బాదుతున్న చప్పుడు పడింది. నాలుగు రోజులు పోయేసరికి ఆ చప్పుడు వినపడగానే, మాట మొదలవకముందే జవాబు చెప్పేస్తున్నాను. స్పానిష్ వచ్చింది కాదు, తలుపు గుర్తొచ్చింది. అదే వాక్యం కాల్‌లో వింటే తెల్లమొహం వేస్తాను. కోడలు నవ్వి ఇంకోసారి నిశ్శబ్దంగా చెప్పింది. కార్డు మీద రంగు, ఫాంటు, బొమ్మ, ఏదైనా ఇలాగే మోసం చేస్తుంది. అందుకే నా కార్డులన్నీ ఒకేలా, బోసిగా ఉంటాయి. అంకి బోసితనం మీద ఫిర్యాదు చేసేవాళ్ళు ఇది ఆలోచించాలి.

అర్థం ఇంగ్లీషులో కాకుండా తెలుగులో రాసుకోండి. దేశభక్తి కోసం చెప్పడం లేదు, లెక్క కుదురుతుందని చెప్తున్నాను. ఇంగ్లీషులో ‘యూ’ అని రాస్తే అది ‘తూ’నో ‘ఉస్తెద్’ఓ తెలీదు. నువ్వు, మీరు అని రాస్తే తేలిపోతుంది. పైగా బొగోటా వైపు ఉస్తెద్ వాడకం మరీ ఎక్కువ, స్నేహితుల్నీ ఇంట్లోవాళ్ళనీ కూడా అలాగే పిలుస్తారు. మా వియ్యపురాలు మనవణ్ణి కూడా ఉస్తెద్ అనే కోప్పడుతుంది. ‘మే దువేలే లా రొదీయా’ అంటే ‘నాకు మోకాలు నొప్పిగా ఉంది’. ఇంగ్లీషు మీదుగా వచ్చేవాళ్ళకి ఆ వాక్యం తలకిందులుగా కనిపిస్తుంది, మనకి అది ఉండాల్సినట్టే ఉంటుంది. మనుషుల పేర్ల ముందు ‘ఆ’ చేర్చడం కూడా అంతే. పుస్తకం చూశాను అంటాం, రాముణ్ణి చూశాను అంటాం, వాళ్ళూ అదే తేడా పాటిస్తారు. ఇన్ని కలిసొస్తుంటే మధ్యలో మూడో భాషని కూర్చోబెట్టడం ఎందుకు?

కలిసిరానిది లింగం. కుర్చీ ఆడది, పుస్తకం మగది, దీనికి దణ్ణం పెట్టడమే. నామవాచకాన్ని ఒంటరిగా రాసుకోవద్దు, మగదైతే ‘ఎల్’ అనో, ఆడదైతే ‘లా’ అనో ముందుపెట్టే రాసుకోండి. మామూలుగా ‘ఓ’తో ముగిస్తే మగది, ‘ఆ’తో ముగిస్తే ఆడది, కానీ ‘లా మానో’ (చెయ్యి), ‘ఎల్ ప్రోబ్లేమా’ (సమస్య) లాంటివి చివరి అక్షరం చూసి పోల్చుకుంటే దెబ్బతింటాం. ‘ఉండటం’ అనే ఒక్క అర్థానికే ఉన్న ‘సెర్’, ‘ఎస్తార్’ క్రియల తేడాకీ, రెండు రకాల భూతకాలానికీ విడి మాటల కార్డులు పనికిరావు. వాటికి క్లోజ్ అనే రకం ఉంది. పూర్తి వాక్యంలో ఒక్క మాట మాయమై చుక్కలు కనిపిస్తాయి, అది మనం పూరించాలి. ఖాళీలు పూరింపుము రోజులు గుర్తొచ్చి నాకు భలే హాయిగా ఉంటుంది.

ఎనిమిదిసార్లు మర్చిపోయిన కార్డుని అంకి ‘లీచ్’ అని గుర్తుపెడుతుంది. జలగ అన్నమాట, పేరు బాగా పెట్టారు. అలాంటిదాన్ని పట్టుకుని వేళ్ళాడకుండా వాక్యం మార్చి కొత్త కార్డు చేసుకోవడమో, కొన్నాళ్ళు సస్పెండ్ చెయ్యడమో మేలు. నా జలగల్లో ఎక్కువ భాగం ‘పోర్’, ‘పారా’ల బాపతు, రెండిటికీ ‘కోసం’ అనే అర్థం వస్తుంది మరి.

వేళ గురించి. పొద్దున ఫోన్ తీస్తే మెసేజీలకన్నా ముందు అంకి. నియమం అదొక్కటే. హోమ్ స్క్రీన్ మీద అది మాత్రమే ఉంచి మిగతావన్నీ పక్క పేజీకి జరిపాను. గుర్తుచేసే గంటలేవీ పెట్టుకోలేదు. గంట మోగితే గానీ చెయ్యని పని, గంట ఆపెయ్యడం కూడా నేర్పిస్తుంది.

ఇప్పుడు లోపాలు. అంకి ఏమీ నేర్పదు. నేర్చుకున్నది పోకుండా కాపాడుతుంది, అంతే. వ్యాకరణం తెలియకుండా కార్డుల మీద పడితే మాటలు పోగవుతాయి, వాక్యం పుట్టదు. అందుకు నేను లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్ వారి స్పానిష్ కోర్సు విన్నాను. 90 ఆడియో పాఠాలు, ఉచితం. ప్రశ్న అడిగాక పాజ్ చేసి మనం జవాబు చెప్పాలి. ఇంగ్లీషులో ఉంటుంది గానీ కంఠస్థం చెయ్యమనకుండా ఆలోచించమంటుంది, మంచి టీచరు లక్షణం అది. వినడానికి డ్రీమింగ్ స్పానిష్ వీడియోలు. సూపర్ బిగినర్ స్థాయిలో బొమ్మలు గీస్తూ, చేతులు తిప్పుతూ నిదానంగా చెప్తారు, అంతా స్పానిష్‌లోనే. ఈ రెండూ ఓపికున్నప్పుడు. రోజూ తప్పనిది మాత్రం అంకి.

ఎదుటి మనిషి వేగానికి కూడా అంకి దగ్గర మందు లేదు. కార్డు ముందు నాకెంత టైమైనా ఉంటుంది, వియ్యపురాలి ముందు ఉండదు. కాల్‌లో నా వాక్యం సగంలో ఉండగానే ఆవిడ పూర్తి చేసేస్తుంది, అదీ తప్పుగా! అయితే మోకాళ్ళ గురించీ, పిల్లల నిద్ర గురించీ, కొడుకులు కోడళ్ళు ఫోన్ ఎత్తకపోవడం గురించీ ఇప్పుడు మధ్యవర్తి లేకుండానే సాగుతోంది. ‘పెరో’, ‘పెర్రో’ మాత్రం నా నోట ఒకలాగే వస్తాయట. ‘కానీ’ అనబోయి ‘కుక్క’ అంటున్నానని ఆవిడ పగలబడి నవ్వుతుంది. రికార్డ్ కార్డులతో చెవికి తేడా పట్టుబడింది, నాలుకకి ఇంకా లేదు.

ఎవరికి పనికిరాదు? సెట్టింగులు చూస్తే చిరాకుపడేవాళ్ళకి మొదటి వారం నరకం, ఇంట్లో ఎవరి చేతనైనా పెట్టించుకోండి. ఆటలా ఉంటే తప్ప కూర్చోలేనివాళ్ళు, సొంతంగా కార్డులు రాసే ఓపిక లేనివాళ్ళు దీని జోలికి రాకపోవడం మంచిది. వాళ్ళకి మాట్లాడే టీచరు దొరికితే అదే నయం.

ఎక్కించుకునేటప్పుడు ఒక జాగ్రత్త. అంకి పేరుని పోలిన పేర్లతో సంబంధం లేని యాప్‌లు స్టోర్లలో చాలా ఉన్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్‌కి కావాల్సింది అంకిడ్రాయిడ్, స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు తయారుచేస్తున్నది, ఉచితం. ఐఫోన్‌కి అంకిమొబైల్, అది ఒక్కసారి డబ్బు కట్టి కొనుక్కోవాలి. కంప్యూటర్లో మాత్రం ఉచితమే. ఐఫోన్‌లో కొనడం ఇష్టం లేకపోతే అంకివెబ్ సైట్‌లో ఉచితంగా ఖాతా తెరిచి, కంప్యూటర్లో చేసిన కార్డుల్ని సింక్ చేసి, ఫోన్ బ్రౌజర్లోనే రోజువారీ రివ్యూలు చేసుకోవచ్చు.